రాయని పదో పని

చచ్చిపోయాడనుకున్నవాడి చేతివ్రాత చెక్కుచెదరకుండా ఎదుటికి వచ్చి నిలిస్తే ఇల్లాలు ఏం చేయాలో పెద్దలెవరూ చెప్పిపోలేదు. కిందటి వారం లలితకుమారిని మనం సరిగ్గా ఆ సంకటంలోనే, సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌లో, మరిది ఇంటి వంటగదిలో, చేతిలో ఒక ఫోటోకాపీ కాగితంతో వదిలి వచ్చాము.

ఆమె భర్త అచ్యుతరావు నీటిపారుదల ఇంజనీరు. ఇరవై ఏళ్ల కిందట ఒక ఆనకట్ట పని మీద మొరాకో దేశం వెళ్లి, అక్కడి ఫెజ్ నగరంలో, నిండు వసంతంలో, బస చేసిన గదిలో పెట్టెనూ కళ్లజోడునూ వదిలి కనబడకుండా పోయాడు. పన్నెండేళ్లు ఎదురు చూశారు. శాస్త్రం చెప్పిన గడువు తీరిందని, ఎనభై మూడులో గోదావరి ఒడ్డున, తమ్ముడు ద్వారకానాథ్ మూడువందల అరవై మోదుగాకు కాడలతో మనిషి ఆకారం కట్టి, తలకు బదులు కొబ్బరికాయ పెట్టి, దానికి దహనం చేశాడు. పదోనాడు లలితకుమారి మెడలో సూత్రం తీశారు. ఆ ఏడే ద్వారకానాథ్ స్పాన్సర్ చేయగా ఆమె పదమూడేళ్ల కూతురు అమూల్యను వెంటబెట్టుకొని సిడ్నీ చేరింది.

అమూల్య ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతూ, వారానికి రెండు రోజులు పరమట్టాలోని ఒక ట్రావెల్ ఆఫీసులో పని చేస్తోంది. పోయిన నెల ఫెజ్ చూసి వచ్చిన ఒక ముసలి టీచరమ్మ, తాను దిగిన సత్రంలో ఇచ్చిన కాగితాన్ని ఆ ఆఫీసులో వదిలింది. వసంతకాలంలో ఫెజ్ వచ్చినవారు చేయవలసిన పనులని పైన ఇంగ్లీషులో రాసి ఉంది. ఒక ముసలి ఇండియన్ పెద్దమనిషి దానిని స్వయంగా రాశాడనీ, తన చేతికి పుదీనా రెమ్మ కూడా ఇచ్చాడనీ ఆమె అన్నదట. నాన్న తప్పిపోయిన ఊరు కదా అని అమూల్య దానిని ఇంటికి తెచ్చింది. ఊహ తెలియకముందే పోయిన తండ్రి వ్రాత ఆ పిల్లకెలా తెలుస్తుంది?

లలితకుమారికి ఆరో పని దగ్గర చూపు ఆగింది. ‘ఈ రోజుల్లో పుల్లనారింజ పూలు బుట్టలకెత్తి అమ్ముతారు. తప్పక కొనండి. దేవుడికని కొంటే మాత్రం వాసన చూడకండి.’ ఆ మాట మొరాకో దేశంలో ఎవరు చెబుతారు? చివర పది అని అంకె వేసి, ఎదురుగా ఏమీ రాయలేదు. అచ్యుతరావు కట్నాల పట్టీ రాసినా, కిరాణా పట్టీ రాసినా చివరి అంకె ఖాళీగానే వదిలేవాడు. “చేయవలసింది ఒకటి మిగిలి ఉండాలి లలితా. అన్నీ అయిపోతే ఇక మనిషిని ఇక్కడ నిలిపేదేముంది?” అనేవాడు.

మూడు రోజులు ఆమె ఆ కాగితాన్ని బొడ్డులో దోపుకొని తిరిగింది. ఎవరికీ చెప్పలేదు. నాలుగోనాడు ఆదివారం. చైత్ర అమావాస్య. అచ్యుతరావు తద్దినం.

* * *

పంచాంగంలో వసంతమే గాని పెరట్లో అన్నీ ఆకురాలు కాలపు లక్షణాలే. పొరుగింటివాళ్లు నాటిన చెట్టు పసుపూ ఎరుపూ ఆకులు కంచె ఇవతల పోస్తోంది. లలితకుమారి మసిగుడ్డ పట్టి అరటికాయ కూర దించి, గారెల పిండి చేతిలోకి తీసుకున్నది. తోడికోడలు లీల నువ్వుల ఉండలు చుడుతోంది. లీల నోటికి తద్దినమూ పెళ్లీ ఒకటే.

“అక్కయ్యా, ఈసారి పిండానికి నెయ్యి మానేసి వెజిమైట్ రాద్దామా? ఈ దేశపు తిండి కదా, కాకులు దిగివస్తాయేమో!”

మరోనాడైతే లలితకుమారి నవ్వేదే. ఏడేళ్లుగా ఈ ఇంట అచ్యుతరావు పిండాన్ని కాకి ముట్టలేదు. యూకలిప్టస్ కొమ్మ మీద వరసగా కూర్చొని చూస్తాయి. ఈ దేశపు కాకి కావుమనదు. పసిబిడ్డ గుక్కపట్టి రాగం తీసినట్టు ఏడుస్తుంది. ఆ ఏడుపు ఏడ్చి ఎగిరిపోతాయి. ఇక్కడి కాకుల జాతి వేరనీ, మన సంప్రదాయం వాటికేం తెలుసుననీ ఏటా ద్వారకానాథ్ సర్దిచెప్పి, పిండాలు తీసుకెళ్లి నదిలో కలిపి వచ్చేవాడు.

“మరి అత్తగారి పిండానికెలా దిగుతాయి లీలా? ఆషాఢంలో, ఇదే పెరట్లో?”

“ఆవిడ పిలిస్తే రాకుండా ఎవరుంటారు? బతికుండగా మనం ఉన్నామా?” అని లీల కిసుక్కున నవ్వి, అక్కగారి ముఖం చూసి ఊరుకున్నది. “ఊరికే అన్నానక్కయ్యా. మీకు ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది.”

బాగా లేదు. మూడు రోజుల నుంచి ఆమె ఏ గదిలోకి వెళ్లినా ఎవరో అప్పుడే లేచిపోయినట్టు తోస్తోంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉన్నట్టు, గాలిలో నారింజ పూల వాసన తేలినట్టు. చచ్చినవాడు దయ్యమై తిరిగితే తాయెత్తు కట్టుకోవచ్చు. బతికినవాడు దయ్యమై తిరిగితే ఏం కట్టుకోవాలి?

అపరాహ్ణం కాగానే ద్వారకానాథ్ పెరటి వరండాలో దక్షిణ ముఖంగా కూర్చున్నాడు. ఆస్పత్రిలో పదిమంది జూనియర్ డాక్టర్లను గడగడలాడించే మనిషి, తద్దినంనాడు తడి పంచెలో చిన్నపిల్లవాడిలా కనబడతాడు. దర్భలు తెస్తే విమానాశ్రయంలో క్వారంటైనువాళ్లు పట్టుకుపోతారు గనుక, లీల తొట్టిలో పెంచే గరికనే పరిచాడు. భోక్తలు దొరకని దేశం కాబట్టి గరికముడులే భోక్తలు. జంధ్యం కుడిభుజం మీదికి మార్చుకొని, నువ్వులు కలిపిన అన్నం మూడు ముద్దలుగా చేసి, గోత్రం చెప్పి, అన్నగారి పేరు ఎత్తాడు.

ఆ పేరు వినబడగానే లలితకుమారి గారెల చట్టి దించి, వరండాలోకి వచ్చి, బొడ్డులోని కాగితం తీసి విస్తరి పక్కన పరిచింది.

ద్వారకానాథ్ మంత్రం ఆగిపోయింది.

ఆమె ఆయన ముఖాన్నే చూస్తోంది. ఎన్నడూ చూడనిది చూసిన మనిషి ఏమిటిదని అడుగుతాడు. ద్వారకానాథ్ అడగలేదు. అతని చూపు ఒకటో అంకె మీద పడి, మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే దిగి, పది దగ్గర నిలిచింది.

“ఖాళీగానే ఉంది,” అన్నాడు తనలో తాను. కళ్లు మూసుకున్నాడు.

లలితకుమారి ఒక అడుగు ముందుకు వేసింది. “ఏవిటిది వదినా అని అడగలేదేం ద్వారకా?”

ఆయన కళ్లు తెరిచి గరిక సర్దబోయాడు.

“ఎవరి వ్రాత అని అడగలేదేం? ఎక్కడిదని అడగలేదేం? నేను మూడు రోజులు ఇది నిజమో భ్రమో తెలియక చచ్చాను. నీకు మూడు క్షణాలు కూడా పట్టలేదే!”

“వదినా, మడి… కార్యం మధ్యలో ఉంది…”

“ఎవరి కార్యం?”

లీల గుమ్మంలో నిలబడిపోయింది. అమూల్య లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. “వాట్స్ గోయింగ్ ఆన్? అమ్మా, అది నా షీట్ కదా?”

“మీ నాన్న షీటు,” అన్నది లలితకుమారి, మరిది మీద నుంచి చూపు తిప్పకుండా. “మీ బాబాయికి తెలుసు. ఎప్పటినించో మాత్రం నాకు తెలియదు. చెప్పు ద్వారకా. ఎప్పటినించి?”

“ఎనభై నాలుగు,” అన్నాడు ద్వారకానాథ్.

కొమ్మ మీద ఒక కాకి గుక్కపట్టి ఏడ్చింది.

“బాబాయ్, తెలుసంటే వాట్ డు యూ మీన్, తెలుసు? డాడ్ బతికున్నారని సెవెన్ ఇయర్స్‌గా…” అమూల్య తల్లి చెయ్యి పట్టుకున్నది.

ద్వారకానాథ్ లేచి తడి పంచెతోనే లోపలికి వెళ్లాడు. పిండాలు గరిక మీద అలాగే ఉన్నాయి. ఎవరూ వాటి వంక చూడలేదు. ముగ్గురు ఆడవాళ్లూ ఆయన వెనకే హాలులోకి నడిచారు. దేవుడి అలమరలో ఏటేటి పంచాంగాలూ దొంతరగా ఉంటాయి. అన్నిటికీ అడుగునుంచి ఆయన ఒక కవరు తీశాడు. పసుపు బారింది. మూల అరబ్బీ అక్షరాల తపాలాబిళ్ల. ‘శ్రీమతి లలితకుమారి గారికి, కేరాఫ్ డాక్టర్ ద్వారకానాథ్’ అని మీద చిరునామా. అంటించిన అంచు అంటించినట్టే ఉంది.

“విప్పలేదా?” అన్నది లీల నమ్మలేక.

“విప్పలేదు. విప్పితే అన్నయ్య బతికున్నాడని తేలుతుంది. విప్పకపోతే…”

“విప్పకపోతే నేను విధవనై ఉంటాను,” అన్నది లలితకుమారి. “అంతే కదూ?”

ద్వారకానాథ్ నిలువునా చెట్టు కూలినట్టు కుర్చీలో కూలబడ్డాడు. “మూడువందల అరవై కాడలూ ఈ చేత్తోనే కట్టాను వదినా. ఒకటి తగ్గిందేమో, అన్నయ్యకు ఒక ఎముక తక్కువై పోతుందేమోనని రెండోసారి లెక్క చూసుకున్నాను. అంత శ్రద్ధగా తగలబెట్టాను. ఏడాది తిరక్కుండానే ఈ కవరు వచ్చింది. మీకిస్తే, మీ మెడలో సూత్రం తీసినరోజున మీరు వేసిన కేక నాకు మళ్లీ వినబడుతుంది. ఆవాళ మీరు కేక వేస్తోంటే ‘ధర్మం, ధర్మం’ అన్నవాణ్ణి నేనే. రేపిద్దాం, ఎల్లుండిద్దాం అనుకున్నాను. నెల దాటాక ఇవ్వడం కష్టమైంది. ఏడాది దాటాక అసాధ్యమైంది.”

“తెలిసీ, బతికినవాడికి, ఏడుసార్లు పిండం పెట్టావు.”

“మానేస్తే ఎందుకు మానేశావని మీరడుగుతారు.” ఆయన తలెత్తాడు. “ఒక్క మాట నమ్మండి. పిండం పెట్టి, కొమ్మ వంక చూస్తూ, దిగవద్దు దిగవద్దు అని ప్రార్థించేవాణ్ణి. కాకి రాకపోతే ప్రాణం కుదుటపడేది. ఈ ఏడూ అన్నయ్య ఉన్నాడు, అనుకునేవాణ్ణి. ఆ నల్లటి పిట్టే నాకు ఏటేటా అందే ఉత్తరం.”

లీల నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఇన్నేళ్లూ తాను చేసిన కాకి హాస్యాలన్నీ ఇప్పుడు ఆమెకు గుర్తుకొచ్చాయి.

లలితకుమారి కవరు విప్పింది. ఏడేళ్లు ఆరిన జిగురు ముట్టుకోగానే ఊడివచ్చింది. లోపల ఒకే ఒక కాగితం. తెలుగు.

‘లలితా, నువ్వెక్కడున్నావో తెలియక ద్వారక చిరునామాకు రాస్తున్నాను. ఈ ఊళ్లో వసంతం దిగింది. నువ్వు వస్తే మనం చేయవలసిన పనులు ఇవి.

‘ఒకటి. కోటద్వారం దగ్గర బండి దిగి నడిచి వద్దాం. సందులు రెండు బారలుండవు. కంచరగాడిదలు తోలేవాళ్లు తప్పుకోమని బాలక్, బాలక్ అని అరుస్తారు. నువ్వు గోడకు ఒదుగు, నేను ముందు నిలబడతాను.

‘రెండు. తోళ్లు నానబెట్టి రంగులద్దే గుంతలు మేడమీది నుంచి చూద్దాం. వాసనకు తాళలేవు, పుదీనా రెమ్మ నా దగ్గరుంటుంది. నీ చీరల రంగులన్నీ ఆ గుంతల్లో ఉన్నాయి.

‘మూడు. రాగి బిందెలు కొట్టే చౌకులో కూర్చుందాం. మనూరి కంచరివీధి చప్పుడే. కళ్లు మూసుకుంటే తేడా తెలియదు.’

ఆమె పైకే చదువుతోంది, నాలుగోదీ అయింది. అమూల్య తల్లి భుజం మీద గడ్డం ఆనించి, మరిచిపోతున్న అక్షరాలను తడుముకొంటూ చూస్తోంది.

‘ఐదు. ఆగిపోయిన నీటి గడియారం చూద్దాం. పదమూడు కిటికీలు. ఒకప్పుడు గంట గంటకీ ఇత్తడి గిన్నెలో ఒక గుండు పడేదట. ఎలా నడిచేదో చెప్పగలవాళ్లు లేరు. నీళ్ల లెక్కలు చదివిన నాకూ అంతుపట్టలేదు. దాని కింద నిలబడితే కాలం తప్పు మనది కాదనిపిస్తుంది.

‘ఆరు. ఈ నెల ఇంటింటా రాగి బట్టీలు పెట్టి నారింజ పూల పన్నీరు దించుతారు. ఊరంతా ఆవిరి. ఒక దోసెడు పూలు దేవుడికని పక్కన పెట్టు. వాసన చూడకు. నీకా అలవాటు లేదు గాని, పాపకు చెప్పు.’

“పాపకు చెప్పు,” అని అమూల్య ఆ మాటను మెల్లగా మళ్లీ పలికింది. ఆలోగా తల్లి మరి రెండు పనులు దాటింది.

‘తొమ్మిది. ఊరి పైన గుట్ట మీద పాత రాజుల సమాధులున్నాయి, పైకప్పులు లేనివి. పొద్దువాలే వేళ అక్కడ నిలబడితే ఊరు దొన్నెలో పోసినట్టు కనబడుతుంది. అన్ని మసీదుల బాంగూ ఒక్కసారి లేస్తుంది. అక్కడ నీకొక మాట చెప్పాలి.

‘పది.’

ఎదురుగా ఏమీ లేదు. కింద మరి నాలుగు పంక్తులు.

‘నేనెందుకు రాలేదో అదే పదోది. కాగితం మీద పెట్టలేను. రమ్మని బలవంతం చేసే హక్కు నాకు లేదు. జవాబు రాకపోతే నీ మనసు తెలిసిందనుకుంటాను. మళ్లీ రాసి నిన్ను కలతపెట్టను.’

లలితకుమారి కాగితం మడిచింది. మడత మీద మడత సరిగ్గా కూర్చుంది.

“అయితే నేను జవాబు ఇచ్చానన్నమాట,” అన్నది. “ఏడేళ్లుగా ఇస్తూనే ఉన్నాను. వద్దు, వద్దు అని. నా నోటితో నువ్వు చెప్పావు ద్వారకా.”

ద్వారకానాథ్ రెండు చేతులూ జోడించాడు. “దీనికి శాస్త్రంలో దారి ఉంది వదినా. దహనం చేశాక మనిషి తిరిగివస్తే వాడు మళ్లీ పుట్టినట్టే. నేతిలో స్నానం చేయించి, పసిబిడ్డకు చేసినట్టే జాతకర్మ చేసి, పేరుపెట్టి, వడుగు చేసి… చివరకు ఆ భార్యతోనే మళ్లీ పెళ్లి చేయాలి. అన్నీ నేనే దగ్గరుండి చేయిస్తాను. నా పాపానికి అదే…”

“సో, మా అమ్మానాన్నల వెడ్డింగ్‌కి నేను వెళ్తానన్నమాట,” అన్నది అమూల్య. నవ్వబోయింది. అది నవ్వు కాలేదు.

“నీ శాస్త్రం తర్వాత,” అన్నది లలితకుమారి. “ముందు నా జవాబు. అమూల్యా, ఆ షీటు కింద సత్రం ముద్ర ఉంది. ఫోన్ నంబరు ఉంది. చెయ్యి.”

“ఇప్పుడా? అమ్మా, అక్కడ మార్నింగ్ త్రీ అవుతుంది.”

“ఏడేళ్లు ఆలస్యమైంది. ఇంకో గంట కూడా ఆగను.”

అమూల్య ఒక క్షణం ఆలోచించింది. “వెయిట్, ఇప్పుడు వాళ్లకి రంజాన్. ఆ టైముకి తిండికి లేచే ఉంటారు.” వరండాలోకి వెళ్లి, విస్తరి పక్క నుంచి కాగితం తెచ్చి, వంటగది గోడకున్న ఫోను అందుకున్నది. ఒక్కొక్క అంకే నొక్కుతుంటే ఆ చప్పుడు రాగిబిందె మీద దెబ్బలా లలితకుమారి చెవుల్లో పడింది.

సముద్రాల అడుగున ఏదో తీగ గరగరలాడింది. ఆ తర్వాత దూరంగా, చాలా దూరంగా, గంట మోగసాగింది.

ఒకటి. రెండు. లలితకుమారి సింకు గట్టు పట్టుకొని కిటికీ దగ్గర నిలబడింది. ఏం చెప్పాలి? నేను విధవను కానా అని అడగాలా? నాకు ఉత్తరం అందలేదని చెప్పాలా? నిన్ను ఏడుసార్లు సాగనంపాము, ఏడుసార్లూ నువ్వు వెళ్లలేదని చెప్పాలా?

ఆరు. ఏడు.

“నో వన్స్ ఆన్సరింగ్,” అన్నది అమూల్య.

“పెట్టెయ్యకు.”

కిటికీ అవతల ఏదో నల్లగా కదిలింది. యూకలిప్టస్ కొమ్మ మీది కాకుల్లో ఒకటి రెక్కలు విప్పి, బట్టలారేసే తీగల మీదికి దిగింది. తీగ ఊగింది. అక్కడినుంచి ఇటుకల నేల మీదికి దిగింది. తలవంచి, పెళ్లివారింటికి వచ్చిన పెద్దమనిషిలా తొందర లేకుండా, వరండా వైపు నడిచింది. దాని కళ్లు తెల్లగా ఉన్నాయి.

లలితకుమారి వెనకే వంటగదిలోకి వచ్చిన ద్వారకానాథ్ ఆమె భుజం మీదుగా దానిని చూశాడు. పిండం దగ్గరికొచ్చిన కాకిని అదిలిస్తే పితృదేవతలను అదిలించినంత పాపమని ఈ ఇంట్లో అందరికీ నేర్పినవాడు ఆయనే. ఆయనే ఇప్పుడు పైపంచె చేతికి చుట్టుకొని, గుమ్మానికి కాలు తగిలి, పడి, లేచి, పెరట్లోకి పరిగెత్తాడు.

“హుష్! హుష్! ఇవాళ కాదు! ఇవాళ కాదే!”

కాకి ఎగరలేదు. గరిక తొక్కి, మొదటి ముద్ద మీద ముక్కు ఆనించి, ఇంత ముద్ద చీల్చుకొని, తలెత్తి కిటికీ వంక చూసింది. దాని ముక్కుకు నువ్వుగింజ ఒకటి అంటుకొని ఉంది.

వెనక గంట చప్పుడు ఆగిపోయింది.

“అమ్మా,” అన్నది అమూల్య, రిసీవరు రెండు చేతులతో పట్టుకొని. “ఎత్తారు.”